పక్క నక్షత్రం

మా మేడం పోయిందని నాగర్‌కర్నూల్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు మొదట టమాటాలు గుర్తొచ్చాయి.

వనపర్తి కూరగాయల మార్కెట్లో ఒకామె ఎప్పుడో మేడంకు సంచీ అడుగున కుళ్లిన టమాటాలు వేసి ఇచ్చిందట. వెనక్కి తీసుకుపోతే, "నువ్వే ఏరుకున్నవ్ గదమ్మా" అని అబద్ధమాడిందట. ఆ తర్వాత మేడం ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. అలాగని మార్కెట్ మానలేదు, ఆ వరుసా మానలేదు. ప్రతి వారం వచ్చి, సరిగ్గా ఆమె తట్ట ముందే నిలబడి, పక్క తట్టలోని టమాటాలను ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూసి కొనేది. నేను డిగ్రీలో చేరినప్పటి నుంచి బయటపడేదాకా ఈ తంతు చూశాను. చివరికి ఆ అమ్మే ఆమే విసిగిపోయి తట్టెత్తుకుని మార్కెట్లో ఇంకో మూలకు పోయింది. మరుసటి వారం మేడం కూడా ఆ మూలకే పోయింది.

"పోనీయరాదా మేడం?" అన్నాను ఒకసారి.

"ఎందుకు పోనియ్యాలె? తప్పయిందని అననీ, ఆ రోజు పోనిస్త."

ఆమె పొట్టి మనిషి. నడక మాత్రం పొడుగు మనుషుల నడక. గద్వాల నేతగాళ్ల ఇంటి ఆడపిల్ల. రోజూ నూలు చీరే కట్టేది, దానికి సన్నటి పట్టు అంచు. అన్నలు నేసి పంపేవారు. మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. కోపం వస్తే అందరికీ గొంతు పెరుగుతుంది, ఆమెకు తగ్గేది. వెనక బెంచీలవాళ్లు వినడానికి ముందుకు వంగారంటే ఆ రోజు ఎవరికో మూడిందని అర్థం.

ల్యాబులో ఆమె అడిగే ప్రశ్న ఒకటే. "నువ్వు చూసినవా?"

మా బ్యాచిలో ఒకడు పాత రికార్డు నుంచి అంకెలు దింపి, పట్టకం ప్రయోగం తానే చేసినట్టు రాసుకొచ్చాడు. మేడం ఆ పేజీ మీద వేలు పెట్టి నెమ్మదిగా అడిగింది.

"నువ్వు చూసినవా?"

"చూసిన మేడం."

"ఏ కంటితోని చూసినవ్?"

వాడు తడబడి కుడి కన్ను చూపించాడు. మేడం ఆ పేజీ చింపి, నాలుగు మడతలు పెట్టి వాడి చొక్కా జేబులో పెట్టింది. వాడు ప్రిన్సిపాల్‌కు మేనల్లుడు. ప్రిన్సిపాల్ పిలిచి మందలించినా ఆమె మార్కు వేయలేదు. ఆ ఏడాది ఆమె మీద పడ్డ అదనపు పనులన్నీ నోరెత్తకుండా చేసింది. ఆయన రిటైరైన రోజు సన్మానానికి మాత్రం రాలేదు. సభ జరుగుతున్నంతసేపూ, అందరికీ కనబడేటట్టు, వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంది.

మూడో ఏడాదిలో ఒక మధ్యాహ్నం ఆమె మాకు నక్షత్రాల గురించి చెప్పింది. సిలబస్‌లో లేదు. కిటికీలకు నల్లగుడ్డ కట్టించి, స్పిరిట్ దీపం వెలిగించి, దాని మంటలో చిటికెడు ఉప్పు వేసి, వెలుగును రంగులుగా విడగొట్టే స్పెక్ట్రోమీటరులోంచి చూడమంది. చీకట్లో పసుపుపచ్చ గీత, ఎవరో పెన్నుతో గీసినంత సన్నగా, మెరుస్తూ కనబడింది. ఆ గీత కనబడితే మంటలో ఉప్పు ఉన్నట్టే, మంట ఎంత దూరంలో ఉన్నా సరే, అంది. తర్వాత చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద చిన్న గుండ్రం గీసి, అందులో నాలుగైదు చుక్కలు పెట్టింది.

"పైన ఉపగ్రహం తిరుగుతున్నది. ఎక్స్‌రేలు ఏ దిక్కు నుంచి వస్తున్నయో అది పసిగడ్తది. కాని దాని చూపు జర మసక. ఇగో ఈ నక్షత్రమే అని వేలు పెట్టి చూపియ్యలేదు. గింత గుండ్రం గీసి, దొంగ దీంట్లనే ఉన్నడు అంటది. ఈ గుండ్రంల ఇన్ని చుక్కలున్నయి. వీటిల దొంగెవడు?"

ముందు బెంచీలవాళ్లు అన్నిటికంటే పెద్ద చుక్కను చూపించారు.

"దూరదర్శిని పెట్టి ఒక్కొక్క చుక్క వెలుగును గిట్లనే రంగులు రంగులుగ విడగొట్టాలె. మామూలు నక్షత్రమైతే రంగుల నడుమ నల్లగీతలుంటయి. ఒక్కదానికే మెరిసే గీతలుంటయి. ఒక చిన్న నక్షత్రం పక్కనున్న పెద్దదాని వాయువును గుంజుకొని తింటుంటది. ఆ తినే కాడ పుట్టే వేడికి ఎక్స్‌రేలు వస్తయి, ఆ గీతలు మెరుస్తయి. గవి కనబడ్డయంటే దొంగ దొరికిండు. అందరు బాగ వెలిగే చుక్క మీదికి ఉరుకుతరు. దొంగ శానసార్లు పక్కన మసకమసకగున్నోడే ఉంటడు."

"మీరు చూసిన్రా మేడం?" అన్నాను, ఆమె ప్రశ్న ఆమెకే అప్పగించిన సంబరంతో.

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "చూసిన" అని, దీపం ఆర్పి, కిటికీ గుడ్డలు తీసేయమంది.

ఆ ఒక్క మధ్యాహ్నం వల్ల నేను ఫిజిక్స్ వదల్లేదు. మల్దకల్‌లో సైకిళ్ల దుకాణం నడిపే మా నాన్నను ఒప్పించి హైదరాబాదులో ఎమ్మెస్సీ చేసి, పరిశోధనలో చేరాను. మా గైడు మెతక మనిషి, భయస్తుడు. ఆయన నాకొక నక్షత్రాన్ని అప్పగించాడు. దాన్ని ఎనభైల మొదట్లో, అక్కడి పెద్ద ప్రొఫెసర్ గుర్తించాడట. నేను చేరేనాటికి ఆ పెద్దాయన మాట లేనిదే సంస్థలో తలుపు కూడా తెరుచుకునేది కాదు. ఆయనకు పేరు తెచ్చింది ఆ నక్షత్రమే. ఒక ఉపగ్రహం గీసిన గుండ్రంలో ఫలానా నక్షత్రమే ఎక్స్‌రేలు చిమ్ముతోందని, తాను స్వయంగా దూరదర్శిని దగ్గర కూర్చుని చూశానని, వ్యాసంలో రాసుకున్నాడు. మెరిసే గీతల బొమ్మ వేశాడు. పక్కనే ఆకాశం ఫోటో వేసి, నక్షత్రానికి అటూ ఇటూ రెండు చిన్న గీతలతో గుర్తు పెట్టాడు.

చిక్కేమిటంటే, ఆ తర్వాత ఎవరు చూసినా ఆ నక్షత్రంలో మెరిసే గీతలు కనబడలేదు. పెద్దాయన దగ్గర దానికి జవాబుంది. ఇలాంటి నక్షత్రాలు కొన్నాళ్లు తిండి మానేసి నిద్రపోతాయి, మళ్లీ లేస్తాయి. అది నిజమే. అందుకే అందరూ నమ్మారు. అది లేచే ఘడియ కోసం కాపు కాయడమే నా థీసిస్.

కాపు కాశాను. తమిళ దేశపు కొండల్లో, చలిలో, మబ్బుల్లో, ఏడాది తర్వాత ఏడాది. ఎప్పుడు చూసినా అవే నల్లగీతలు. నా తర్వాత చేరినవాళ్లు వ్యాసాలు రాసుకుంటున్నారు. ఫెలోషిప్ గడువు దగ్గరపడింది. ఊళ్లో పెళ్లి మాటలు మొదలయ్యాయి. ఇక మానేసి వెళ్లిపోదామనుకుని ఇంటికి బయలుదేరి, దారిలో వనపర్తిలో దిగాను.

మేడం ఇంట్లో బీరకాయ చెక్కు తీస్తోంది. నా గోడంతా చెప్పుకున్నాను. ఆమె కత్తిపీట పక్కకు జరిపింది.

"ఆ పటమున్నదా నీ కాడ?"

సంచీలోంచి తీసి ఇచ్చాను. వెలుతురులోకి పట్టుకుని చూసింది. చూసి నవ్వింది. అన్నేళ్లలో ఆమె పళ్లు కనబడేటట్టు నవ్వగా నేను చూసింది అప్పుడే.

"ఇంక నిద్రపోతున్నదనే చెప్తుండా వాడు?"

ఆ పెద్దాయనను 'వాడు' అనే మనిషి ఈ భూమ్మీద ఉంటుందని నేననుకోలేదు.

"ఈ పని నాది" అంది. "నేను వాని కింద రీసెర్చ్ చేసిన. ఆ గుండ్రంల చుక్కలన్ని ఒక్కొక్కటి చూసిన. బాగ వెలిగేటిదే అయి ఉంటదని వాడన్నడు. కాదని నేనన్న. పక్కన మసకగున్నదాని మీద పెట్టి ఫోటో ప్లేటు తీసిన. దాన్ని కడిగి వెలుగుల పెట్టి చూస్తే మెరిసే గీతలు. దొంగ దొరికిండే పిల్లా. అప్పుడే గద్వాల నుంచి టెలిగ్రాం వచ్చింది, మా నాయనకు పక్షవాతమని. సెలవడిగితే వాడు మస్తు మంచిగ మాట్లాడిండు. పో తల్లీ, నాయనను చూసుకో, పోయేముందు ప్లేటు ఇచ్చిపో, పటం మీద గుర్తు పెట్టి ఇచ్చిపో అన్నడు."

"ఇచ్చారా?"

"ప్లేటు ఇచ్చిన. పటమేమో టైపు చేసేటాయన బల్ల మీదున్నది, తీసుకుందామని పోయిన. ఆయన ముసలాయన, భయపడుకుంట చెప్పిండు, వ్యాసం ముందే సగం టైపయింది, దాని మీద నీ పేరు లేదమ్మా అని. వాని గదిలకు పోయి అడిగిన. పరిశీలన నేర్పింది నేను, దూరదర్శిని ఇప్పించింది నేను, నువ్వు బటన్ నొక్కినవ్ అన్నడు. కిందిమీద మాట్లాడితే ఫెలోషిప్ ఉండదన్నడు. నా చేతుల పటం ఉన్నది, నల్లసిరా పెన్ను ఉన్నది." ఆమె పటం మీద వేలు పెట్టింది. "గుర్తు పెట్టిచ్చిన. నా నక్షత్రానికి గాదు, దాని పక్కదానికి."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పెద్దాయన బొమ్మలోని గీతలు నిజమైనవి. గుర్తు పెట్టిన నక్షత్రం వేరొకటి.

"వాడు ఒక్కపారి, ఒక్కపారి పోయి దూరదర్శినిల చూసుంటే దొరికిపోతుంటి. నా బతుకు అక్కడ్నే ఖతమైతుండె. కాని వాడు చూడలే. చూడడని నాకు తెల్సు. నేను మా నాయన మంచం కాడ కూసున్నప్పుడు వ్యాసం అచ్చయింది. తిరిగి పోయేసరికి ఫెలోషిప్ బందయింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు మేడం?"

"అప్పుడు చెప్తే ఏమయితుండె? వాడు తప్పు దిద్దుకుంటుండె. వాడు పైకి పోనీ అనుకున్న. ఎంత పైకి పోతే అంత మంచిది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో కనబడింది సంతోషమే. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చలి రాత్రులు, ఆ మబ్బులు, మా నాన్న ముఖం అన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి. ఆమె మీద నేను గొంతెత్తింది అదొక్కసారే.

"నేను అన్నేండ్లు ఆ పక్కదాన్ని చూసుకుంట కూసున్న మేడం! మీ పగకు నా బతుకు దొరికిందా?"

"నీ మీద పడ్తదని నాకు తెల్వదే."

"ఎవరో ఒకరి మీద పడ్తదని తెల్సు గద?"

ఆమె బీరకాయ చెక్కులు ఒక చోటికి కుప్ప చేసింది.

"తెల్సు" అంది.

సర్దిచెప్పుకోలేదు. క్షమించమని కూడా అనలేదు. లేచి చేతులు కడుక్కుని వచ్చి, పటం మీద మసక చుక్కను గోటితో నొక్కి చూపించింది. "పోయి దీన్ని చూడు. ముందు నువ్వు చూడు. చూసినంక వ్యాసం రాయి. నా పేరు మొదట రాయి."

మా గైడు లేచి గది తలుపు వేసివచ్చాడు. పెద్దాయన మీదికి పోతామా అన్నాడు. చివరికి, పక్క నక్షత్రాన్ని ఊరికే చూస్తే తప్పేముందని ఒప్పుకున్నాడు. తర్వాతి విడతలో, నక్షత్రం వెలుగును లోపలికి వదిలే సన్నటి చీలికను ఆ మసక చుక్క మీదికి జరిపాను. మాకు ప్లేట్లు కడిగే పని లేదు, బొమ్మ తెర మీదికే వచ్చేది. హైడ్రోజన్ గీతలు, వాటి పక్కన మామూలు నక్షత్రాల్లో ఎన్నడూ మెరవని హీలియం గీత, కొండల్లా లేచి నిలబడ్డాయి. అది ఏనాడూ నిద్రపోలేదు. అన్నేళ్లూ మేలుకుని తింటూనే ఉంది, మేమే పక్క ఇంటి తలుపు కొడుతూ వచ్చాం. నేనక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చాను. సంతోషమో కడుపుమంటో ఇప్పటికీ చెప్పలేను.

ఆ సంగతి మొదట హైదరాబాదులో జరిగిన ఖగోళ శాస్త్రవేత్తల సమావేశంలో చెప్పాలనుకున్నాం. మేడం సెలవు పెట్టి వచ్చింది. ఎర్రటి గద్వాల పట్టుచీర కట్టుకుంది. వెనక వరుసలో కూర్చుంది. పెద్దాయన ముందు వరుసలో, తెల్ల సఫారీలో, చేతులు కట్టుకుని ఉన్నాడు. నేను రెండు బొమ్మలూ చూపించి, ఇన్నాళ్లూ గుర్తు పెట్టింది తప్పు నక్షత్రానికని చెప్పాను.

పెద్దాయన లేచి నన్ను మెచ్చుకున్నాడు. "చూశారా, నా గీతలు సరైనవేనని ఈ అమ్మాయి రుజువు చేసింది. పటంలో గుర్తు అచ్చువేసేచోట జరిగిపోయి ఉంటుంది. ప్రెస్సువాళ్లతో మనందరికీ అనుభవమే కదా!" అన్నాడు ఇంగ్లీషులో. హాలంతా నవ్వింది. ఒక్క జోకుతో ఒడ్డున పడ్డాడు.

వెనక నుంచి మేడం లేచింది. తన పేరు, ఒకప్పుడు తాను ఎవరి దగ్గర పనిచేసిందీ ఇంగ్లీషులోనే చెప్పింది. తర్వాత తెలుగులోకి వచ్చింది. గొంతు బాగా తగ్గింది. ముందు వరుసలవాళ్లు వినడానికి వెనక్కి తిరిగి వంగారు.

"ప్రెస్సోళ్ల తప్పు గాదు సార్. ఆ గుర్తు నేను పెట్టిన. మీరు అడిగితే పెట్టిచ్చిన. కావాలనే తప్పుదానికి పెట్టిన."

ముందు వరుసలో ఒకరిద్దరు పెద్దాయన వైపు చూశారు.

"అంటే మోసం చేశానని ఒప్పుకుంటున్నావా?" అన్నాడు పెద్దాయన. ఆయనా తెలుగులోకి వచ్చేశాడు.

"ఒప్పుకుంటున్న. నా మోసం నేను చెప్పిన. ఇగ మీది మీరు చెప్పున్రి. స్వయంగా చూసిన అని రాసిన్రు. ఈ పటం పట్టుకొని చూసుంటే మీకు నల్లగీతలే కనబడాలె. మెరిసే గీతలు ఎక్కడ్నుంచి వచ్చినయి? మీరు చూసిన్రా సార్?"

ఆయన కళ్లజోడు తీశాడు. తుడుచుకోలేదు, ఊరికే చేతిలో పట్టుకున్నాడు. ఏదో అనబోయి, అధ్యక్ష స్థానంలో ఉన్నాయన వైపు చూశాడు. అధ్యక్షుడు తల దించుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆయన పైకి పోవడానికి తోడ్పడిన వాళ్లందరూ ఆ హాల్లోనే ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆయన నిలబడే ఉన్నాడు. మేడం కూడా కూర్చోలేదు. జవాబు రాదని అందరికీ తెలిశాక కూడా, తీరిగ్గా, ఆయన ముఖం చూస్తూ అలాగే నిలబడింది. చివరికి ఆయనే కుర్చీ వెతుక్కున్నాడు.

టీ విరామంలో ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు. పెద్దాయన దగ్గరికీ ఎవరూ పోలేదు. హాలుకు చెరో కొసన ఇద్దరూ కప్పులు పట్టుకుని ఉన్నారు. మేడం రెండు బిస్కెట్లు తిని, నాక్కూడా ఒకటి ఇచ్చింది.

తర్వాత విచారణ కమిటీ కూర్చుంది. పెద్దాయన వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆయన పేరు మీద జరగాల్సిన సన్మాన సభ వాయిదా పడి, మళ్లీ జరగలేదు. ఆయన గదికి వెళ్లే మనుషులు తగ్గిపోయారు. నా థీసిస్ నిలబడింది. కానీ తెలిసి తెలిసి తప్పుడు పటం ఇచ్చిన మనిషి పేరు మా వ్యాసం మీద ఉండడానికి వీల్లేదని కమిటీ తేల్చింది. మెత్తని మా గైడు ఆ ఒక్క సంగతికి గట్టిగానే పోట్లాడాడు, ఫలితం లేకపోయింది. ఇప్పటికీ ఎవరైనా ఆ నక్షత్రం గురించి వెతికితే దొరికేది మా గైడుదీ నాదీ, ఈ రెండు పేర్లే.

ఈ మాట చెప్పడానికి వనపర్తి పోయినప్పుడు నాకు ముఖం చెల్లలేదు. ఆమె మాత్రం ఏదో తెలిసిన సంగతే విన్నట్టు విన్నది.

"వాళ్లు చేసింది కరెక్టే. నాకు నచ్చలే. కాని కరెక్టే." అని, "వాని పేరు గూడ లేదు గద?" అంది.

"లేదు మేడం."

"చాలు."

ఆ తర్వాత ఆమెకు నాగర్‌కర్నూల్‌కు బదిలీ అయింది. తొంభైల చివర్లో పెద్దాయన పోయినట్టు తెలిసి, ఫోన్లో చెప్పే విషయం కాదనిపించి, ఊరికి పోతూ దారి మార్చుకుని నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. పొద్దున పూట. మేడం పొయ్యి ముందు జొన్నరొట్టె చేస్తోంది. తల నెరిసింది. నేను గడప దగ్గరే నిలబడి చెప్పాను.

ఆమె రొట్టె తిప్పింది.

"ఎట్ల పోయిండు?"

"గుండెపోటు. నిద్రలోనేనట."

"నిద్రలోనా?" అంది, ఎవరో తనకు రావాల్సింది ఎగ్గొట్టినట్టు. "దవాఖానల గూడ పడలేదా?"

"లేదట."

"ఇంకొన్నేండ్లు బతకాల్సిండె. పొద్దున లేస్తనే ఆ హాలు యాదికి రావాలె వానికి. ఇంట్ల పిల్లలు నక్షత్రాల సంగతులు మాట్లాడుతుంటే వాడు లేసి ఇంకో గదిలకు పోవాలె. ఇంక శాన ఉండె."

నేను పీట వాల్చుకుని కూర్చున్నాను. రొట్టె అంచులు కాలుతున్న వాసన వస్తోంది. ఆ రోజు హాల్లో ఆమె నిలబడ్డ తీరు, ఇప్పుడు పొయ్యి ముందు వంగి కూర్చున్న ఈ సన్నటి వీపు, రెండూ ఒక మనిషివేనంటే నమ్మబుద్ధి కాలేదు. ఏదో ఒకటి మంచి మాట అనాలనిపించింది.

"ఇప్పుడన్న మీ మనసు తేలికైందా మేడం?"

ఆమె నా వైపు తిరిగింది. చదువుకున్న దాన్ని, అంత తెలివితక్కువ ప్రశ్న అడిగానేమిటా అన్నట్టు చూసింది.

"తేలికయితదని నీకెవరు చెప్పిన్రే?" అని, రొట్టె తీసి నా పళ్లెంలో వేసింది.